ఊదుమనకు, కొట్టుమను

పోయిన నెలలో దగ్గు పట్టుకొని మూడు వారాలైనా వదలకపోయేసరికి, ఇంట్లోవాళ్ల పోరు పడలేక, కరీంనగర్‌లో ఛాతీ డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన వీపు మీద స్టెతస్కోపు ఆనించి విని, వయసు అడిగి, బీడీ సిగరెట్ల సంగతి అడిగి, ఎన్నడూ ముట్టలేదంటే నమ్మీ నమ్మనట్టు తలూపి, ఒక చీటీ రాసి పక్క గదిలోకి పంపించాడు. ఆ గదిలో ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, దానికి తగిలించిన అరచేయంత తెల్లటి పరికరం, దాని మూతికి అట్టతో చేసిన గొట్టం ఉన్నాయి. మా మనవరాలికంటే రెండు మూడేళ్లు పెద్దదై ఉంటుందేమో, ఒక అమ్మాయి నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ఆరేసిన బట్టలకు పెట్టే క్లిప్పులాంటిది ముక్కుకు తగిలించి, గొట్టం చుట్టూ పెదవులు బిగించి గాలి బాగా పీల్చుకొని ఊదమన్నది. తెర మీద కేకు బొమ్మ, కేకు మీద వరుసగా వెలుగుతున్న కొవ్వొత్తులు. అది పిల్లల కోసం పెట్టిన బొమ్మేనట కానీ పెద్దవాళ్లకు కూడా దానితోనే తొందరగా తెలుస్తోందని ఆ అమ్మాయి తీసెయ్యకుండా ఉంచిందట.

నేను ఊదాను. రెండు కొవ్వొత్తులు ఆరాయి. మిగిలినవి కదలలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి తాతా, ఫస్టుది లెక్కలకు రాదు. అందరు మొదాలు గిట్లనే మెల్లగ ఊదుతరు. అది నేర్సుకునేటందుకే," అన్నది ఆ అమ్మాయి.

నేను గొట్టం నోట్లోంచి తీసి ఆ కొవ్వొత్తులనే చూస్తూ కూర్చున్నాను. కళ్లు తిరుగుతున్నాయేమోనని ఆ పిల్ల కంగారుపడి నీళ్ల సీసా అందించింది. కళ్లేమీ తిరగలేదు. నలభై ఏళ్ల కింద ఈ మాటే నేను రోజుకు ఇరవైమందికి చెప్పేవాణ్ణి. తప్పకుండా చెప్పవలసిన ఒక్క చోట మాత్రం చెప్పలేదు.

నా మొదటి నౌకరీ మనుషుల ఊపిరి కొలవడం. గోదావరికి అవతల, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, బొగ్గు గనుల ఊళ్లో కంపెనీ ఆసుపత్రి ఉండేది. మా బాపు ఆ ఊరి బాయిలోనే ముప్పై ఏళ్లు పనిచేశాడు. బావి అని రాయాలి గానీ, బొగ్గు గనిని మేము బాయి అనే అనేవాళ్లం, ఇప్పుడు వేరే మాటకు నా నోరు తిరగదు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం బాపు పని. నేను సైన్సు డిగ్రీ చదివి అదే ఊరి ఆసుపత్రిలో టెక్నీషియనుగా చేరితే, లోపలికి దిగకుండా జీతం తెచ్చే మొదటి మనిషి మా వంశంలో వీడేనని అవ్వ, అంటే మా అమ్మ, వాడకట్టంతా చెప్పుకొచ్చింది.

అప్పటి యంత్రం ఇప్పటిలా చేతిలో ఇమిడేది కాదు. రేకు డొల్ల, దానిలో పైకి లేచి దిగే తిత్తి, పక్కన తిరిగే కాగితం చుట్ట, ఆ కాగితం మీద గీత గీసే కలం. మనిషి ఊదితే ఆ ఊపిరి కొండలాగా కాగితం మీద గీతై నిలిచేది. కార్మికులు దాన్ని దమ్ము మిషను అనేవాళ్లు. మన దగ్గర దమ్ము అంటే ఊపిరి, ఊపిరాడని జబ్బూ దమ్మే, మనిషిలోని తెగువా దమ్మే. మూడింటికీ ఒకే మాట కావడం వల్ల నాకు ఎంత చిక్కు వచ్చేదో చెప్పలేను. కాగితం చూసి నీకు దమ్ము తక్కువుంది అంటే, ఎదుటి మనిషి కుర్చీలోంచి లేచి, ఎవనికిరా దమ్ము తక్కువ, బయటికి రా చూస్త అనేవాడు.

దానికి పూర్తిగా తలకిందులైన వాళ్లూ వచ్చేవాళ్లు. తండ్రి పనికి పనికిరాడని డాక్టర్లు తేలిస్తే ఆ నౌకరీ కొడుక్కు వచ్చే రోజులవి. అన్‌ఫిట్ అనే మాట లోకంలో ఎక్కడైనా తిట్టు కావచ్చు, మా ఊళ్లో మాత్రం పెండ్లి కుదిరినంత సంబరం. మావాడు అన్‌ఫిట్ అయిండు అని చాక్లెట్లు పంచిన ఇళ్లు నాకు తెలుసు. అట్లాంటివాళ్లు నా ముందు కూర్చొని, గొట్టం నోట్లో పెట్టుకొని, పసిపిల్ల నుదుటి మీద ఊదినంత సున్నితంగా ఊదేవాళ్లు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, కొన్నాళ్లకు కోపం వచ్చేది, ఇప్పుడు ఆలోచిస్తే రెండూ రావడం లేదు.

నాకు పని నేర్పిన పెద్ద టెక్నీషియను మహారాష్ట్ర సరిహద్దు ఊరివాడు, మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడేవాడు. చేరిన రోజునే ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఊదుమనకు బాబా, కొట్టుమను. ఊదుమంటే ఆడోళ్లు పొయ్యి ఊదినట్టు ఊదుతరు, మొగోళ్లు చాయ్ సల్లార్సుకున్నట్టు ఊదుతరు. కొట్టుమంటేనే లోపలి గాలి మొత్తం ఒక్కసారి బయటికొస్తది." రెండో పాఠం, ఎవరి చేతనైనా మూడు సార్లు చేయించాలి, మొదటిది ఎంత బాగున్నా ఎంత బాగాలేకున్నా నమ్మకూడదు. ఈ రెండు నియమాలూ నాకు మూడు నెలల్లో ఒంటబట్టాయి. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

ఆసుపత్రి బయట నాది ఇంకో బతుకు. హుజూరాబాద్‌లో పనిచేసే ఒక లెక్చరరు మిత్రుడు పెద్దగా, మేము పది పన్నెండు మందిమి మూఢనమ్మకాల మీద యుద్ధం ప్రకటించి తిరిగేవాళ్లం. సెలవు రోజుల్లో ఊరూరా సభలు పెట్టి, అరచేతిలో కర్పూరం వెలిగించి, నిప్పుల మీద నడిచి, బాబాలు చేసే పనులన్నీ మేమూ చేసి, ఇందులో మహిమ ఏమీ లేదని కారణాలు విప్పి చెప్పేవాళ్లం. ఆ పనిని నేను ఇప్పటికీ తక్కువ చేయను. పాము కరిస్తే మంత్రం వేయించి మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు, చేతబడి చేసిందని ముసలమ్మను ఊరు వెళ్లగొట్టిన వాడలు కళ్లారా చూసినవాళ్లం మేము. అయితే మా అందరిలో నాలుక పదునైనవాణ్ణి నేనేనని నాకొక పేరు, ఆ పేరంటే నాకు ప్రాణం. వాదంలో ఎదుటి మనిషి నీళ్లు నమిలేదాకా వదిలేవాణ్ణి కాదు. నమిలాక కూడా ఇంకో రెండు మాటలు అంటించేవాణ్ణి.

బాపు పదవీ విరమణ చేసి ఏడాది అయ్యేసరికి దమ్ము అందుకుంది. మా క్వార్టరు నుంచి చాయ్ హోటలుకు పోవాలంటే దారిలో రెండు చోట్ల కూర్చునేవాడు. ఆసుపత్రి డాక్టరు పూటకు ఒకటి చొప్పున మూడు మాత్రలు రాశాడు, బీడీ మానమన్నాడు. బీడీ మానడానికి బాపు ఒప్పుకున్నాడు, మాత్రలే ఆయనకు గిట్టలేదు. వేసుకుంటే ఊపిరి ఆడేది, కానీ చేతులు వణికేవి, గుండె దడదడలాడేది. చాయ్ గ్లాసు పట్టుకుంటే తొణికి మీద పడేది. ముప్పై ఏళ్లు దుంగలు ఎత్తిన చేతులు గ్లాసు పట్టలేకపోవడం నలుగురిలో ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

అట్లాంటి సమయంలో ఆయనతో పనిచేసిన ఒక మనిషి, చొప్పదండి అవతల ఒక ఊళ్లో నాటు మందు ఇచ్చే ముసలాయన సంగతి చెప్పాడు. జనం ఆయన్ను మందాయన అనేవాళ్లు. ఏదో వేరు దంచి, బెల్లంలో ఉండ కట్టి ఇస్తాడట, మింగిన గంటకే దమ్ము తెరుచుకుంటుందట, ఆ తరువాత నలభై రోజులు రోజుకో ఉండ వేసుకోవాలట. అంతవరకైతే నేను నవ్వి ఊరుకునేవాణ్ణే. నలభై రోజులూ ఇంగ్లీషు మందు ముట్టకూడదన్న నియమం విన్నాక నాకు నవ్వు రాలేదు. మాత్రలు మానితే బాపుకు ఏమవుతుందో నేను రోజూ ఆసుపత్రిలో చూస్తున్నవాణ్ణి.

ఇంట్లో వాదం మొదలైంది. నేను సభలో మాట్లాడినట్టే అరగంట మాట్లాడాను. బాపు చాప మీద గోడకానుకొని అంతా విని, "అయిపోయిందా?" అన్నాడు. తరువాత ఆయన చెప్పింది నా ఉపన్యాసంకంటే సూటిగా ఉంది.

"బాయిల గ్యాసున్నదా లేదా అని మేం ఎవల్ని అడుగుతుంటిమి? దేవున్ని అడుగుతుంటిమా? దీపం పట్టుకపోయి చూస్తుంటిమి. మంట పొడుగైతే ఎనుకకు మర్రుతుంటిమి. గాడ పెద్ద సారు జెప్పినా ఇనం, దీపం జెప్తేనే ఇంటం. నీ కాడ గుడ మిషనున్నది గదా. నోటితోని జెప్పుడు బంద్ జేసి, గా మిషను తీస్కపోయి మందుకు ముందు, మందుకు ఎనుక కొల్చి చూపెట్టు. మందుల ఏం లేదని మిషను జెప్తే నేను ఉండ ముట్ట. ఉన్నదని జెప్తే నువ్వు నోరు మూస్కోవాలె."

నాకు పండుగైంది. ఇంతకంటే మంచి సవాలు ఏ హేతువాది కోరుకుంటాడు? లెక్చరరు మిత్రుడు ఆ ఊరి పెద్దలతో మాట్లాడి, వచ్చే ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు పరీక్ష అని ఒప్పించాడు. మందాయన అడ్డు చెప్పకపోవడం నాకు వింతగా తోచింది. పెద్ద మిషను మోసుకుపోలేం గనుక, ఆసుపత్రిలో అడిగి చేతిలో పట్టే చిన్నది తీసుకున్నాను. మూరకంటే చిన్న గొట్టం, పక్కన అంకెలు, ఊదితే ముందుకు జరిగి అక్కడే ఆగిపోయే ఎర్ర ముల్లు. ఎవరైనా చదువుకోవచ్చు, మోసానికి తావు లేదు.

ఆ ఆదివారం ఊరు ఊరంతా వచ్చింది. బాపును ముందు వరుసలో బెంచీ మీద కూర్చోబెట్టాను, పక్కన అవ్వ. మందాయన తెల్లటి రుమాలు చుట్టుకున్న బక్క మనిషి, మాట మెత్తన. మోసగాడై ఉంటాడని, పట్టుకుంటానని పోయిన నాకు ఆయన కళ్లలో మోసం కనిపించలేదు. అది నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. దమ్ము జబ్బు ఉన్నవాళ్లు పన్నెండు మంది ముందుకొచ్చారు, అందులో ఎనిమిది మంది ఆడవాళ్లు.

నేను బల్ల ఎక్కి గొట్టం పైకెత్తి చూపించాను. సైన్సు అంటే జనం బెదరకూడదు, వాళ్ల ఇంటి మాటల్లోనే చెప్పాలి అనేది మా సభల్లో మేము పెట్టుకున్న నియమం. అందుకని గొంతెత్తి, "ఇదేం కొత్త వస్తువు కాదమ్మా, మీ పొయ్యికాడ ఉండే ఊదుగొట్టం లాంటిదే. దీన్ని కూడా అట్లనే ఊదండి," అన్నాను. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

ఒక్కొక్కరూ వచ్చి ఒక్కొక్కసారి ఊదారు. మూడు సార్లు చేయిస్తే జనం విసుగుపడతారని, సభ చప్పబడుతుందని ఒక్కసారితో సరిపెట్టాను. ఫలితం నాకు ముందే తెలుసు కదా, ఎన్నిసార్లైతేనేం అనుకున్నాను. ముల్లు అందరికీ కిందికిందనే ఆగింది. నేను అంకెలు పైకి చదివాను, మిత్రుడు పలక మీద రాశాడు. చివరివాడు పెండ్లిళ్లలో బ్యాండు మేళంలో బూర ఊదేవాడు. వాడు గొట్టం అందుకొని, దమ్ము బిగబట్టి, బూర ఎత్తుకున్నట్టే ఒక్క దెబ్బన కొట్టాడు. ముల్లు టక్కుమని మీదికి ఎగిరింది. జనం ఈలలు వేశారు. "ఊదుడంటే గట్లా! మేం ఉత్తగ పొయ్యి అంటుపెడుతుంటిమి," అన్నది ఒకామె, పక్కనామె ఆమె వీపు మీద చరిచింది. అందరితో పాటు నేనూ నవ్వాను. చూడండి, చెవులు ఉండీ వినకపోవడం అంటే అదే.

మందాయన పన్నెండు మందికీ ఉండలు ఇచ్చాడు. గంటసేపు ఆగాం. మళ్లీ కొలిచాం. పన్నెండు మందిలో పది మందికి ముల్లు మొదటికంటే పైన ఆగింది. కొందరికి చాలా పైన ఆగింది. పలక మీద రెండు వరుసల అంకెలు పక్కపక్కన ఉన్నాయి, చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యేటట్టున్నాయి. నా నాలుక నోట్లోనే ఉండిపోయింది. మందాయన గెలిచినట్టు మొహం పెట్టలేదు, నా దగ్గరికి వచ్చి, "పరేషాన్ గాకు బిడ్డా, మంచే అయింది గదా అందరికి," అన్నాడు. నన్ను ఎవరైనా తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

బాపు బెంచీ మీంచి లేచి, మెల్లగా నడిచి వచ్చి, పలక చూసి, మందాయన దగ్గర నలభై ఉండల పొట్లం తీసుకున్నాడు. బస్సులో నాతో ఒక్క మాటే అన్నాడు, దీపం చెప్పింది అని. మరుసటి పొద్దు నుంచి మాత్రలు బంద్. నేను ఏ మొహంతో ఆపను? ఆయన నా మాట కాదని మూఢనమ్మకంలోకి పోలేదు. నేను చూపించిన రుజువును నమ్మి పోయాడు.

వారం రోజులు నేను ఆ వేరులో ఏముందా అని పుస్తకాలు తిరగేశాను. బాపు చేతులు వణకడం ఆగింది, చాయ్ గ్లాసు తొణకడం లేదు, అదొక్కటి చూసి ఆయన మురిసిపోతున్నాడు. దగ్గు పెరిగింది. లోపలి చెడంతా బయటికి వస్తున్నదని బాపు అన్నాడు, అవ్వ అవునన్నది.

మరుసటి ఆదివారం నేను ఇంట్లో ఆ గొట్టం తుడుస్తుంటే అవ్వ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి, ఊరంతా ఊదిరి, నేను ఊదద్దా అని నవ్వుతూ అందుకున్నది. అవ్వకు ఏ దమ్ము జబ్బూ లేదు, రెండు బిందెలు ఒకదాని మీద ఒకటి పెట్టుకొని కుళాయి నుంచి వచ్చే మనిషి. ఆమె గొట్టం నోటికి పెట్టుకొని, కళ్లు సగం మూసి, బుగ్గలు నిండా చేసి, సన్నగా, పొడుగ్గా, నిప్పురవ్వ ఎగిరిపోకుండా ఊదినట్టు ఊదింది. ముల్లు దాదాపు కదలలేదు. రోగులకంటే కిందనే ఆగింది.

"ఏందిరా, నా దమ్ము గుడ పోయిందా?" అన్నది అవ్వ.

అట్ల కాదవ్వా, ఒక్కసారి గట్టిగ కొట్టాలె అన్నాను. నా నోటినుంచే ఆ మాట వచ్చింది.

"మరి ఊదుగొట్టమంటివి గద కొడుకా. ఊదుగొట్టమంటే ఊదుగొట్టం లెక్కనే ఊదిన. కొట్టుమంటే కొడుతుంటి." అని, మళ్లీ తీసుకొని కొట్టింది. ముల్లు పైకి పోయింది. ఆమె ఏ ఉండా మింగలేదు.

నాకు ఆ క్షణంలోనే అంతా తెలిసిపోయింది. ఊదుగొట్టం అన్నది నేను. అట్లనే ఊదమన్నది నేను. బూర ఊదేవాడు కొట్టింది చూసి, రెండోసారికి అందరూ కొట్టడం నేర్చుకున్నారు. పెరిగింది ఊపిరి కాదు, నేర్పు. ఆసుపత్రిలో రోజూ పాటించిన రెండు నియమాలనూ, నాకు ఫలితం ముందే తెలుసునన్న ధీమాతో, జనం ముందు వదిలేశాను. అనుమానించడమే నా మతం అని చెప్పుకు తిరిగినవాణ్ణి, నన్ను నేను అనుమానించలేదు.

ఇప్పుడు చెప్పబోయేదే నేను ఇన్నేళ్లు ఎక్కడా రాయనిది. అప్పుడు నేను పక్క గదిలో ఉన్న బాపు దగ్గరికి పోయి చెప్పి ఉండవలసింది. పోలేదు. ఓడిపోయినందుకు మాట మారుస్తున్నాడని అంటాడేమోనని జంకాను. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. దీన్ని పకడ్బందీగా, ఎవరూ వేలెత్తి చూపకుండా, మేము నడిపే చిన్న పత్రికకు ఒక పెద్ద వ్యాసంగా రాయాలని నాకు ఉబలాటం పుట్టింది. పరీక్షలో జరిగే పొరపాట్లేమిటి, రుజువు అంటే ఏమిటి, మాట ఒక్కటి మారితే కొలత ఎట్లా మారుతుంది అని. డ్యూటీ కాగానే వచ్చి కాగితాల ముందు కూర్చునేవాణ్ణి. వ్యాసం పూర్తయ్యాక ముందు బాపుకే చదివి వినిపిద్దామనుకున్నాను. గోడ అవతల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది, నేను వాక్యాలు దిద్దుకుంటూనే ఉన్నాను.

గురువారం పొద్దున ఎనిమిదింటికి నేను ఆసుపత్రిలో ఉండగా నలుగురు మనుషులు బాపును మంచం మీదనే మోసుకొచ్చారు. పెదవులు నీలంగా ఉన్నాయి. డాక్టరు ఊపిరి ఎంత ఉందో చూడమన్నాడు. నేను బాపు నోట్లో గొట్టం పెట్టి, కొట్టు బాపూ, ఒక్కసారి కొట్టు అన్నాను. ఆయన నా కళ్లలోకి చూస్తూ కొట్టడానికి ప్రయత్నించాడు. ముల్లు ఎంతవరకు పోయిందో రాయను.

ఆక్సిజన్ పెట్టారు, సూదులు వేశారు, మధ్యాహ్నానికి మనిషి తేరుకున్నాడు. సాయంత్రం పక్కన కూర్చొని, తల దించుకొని, మొత్తం చెప్పాను. అవ్వ ఊదింది కూడా చెప్పాను. బాపు కళ్లు మూసుకొని విన్నాడు, నిద్రపోయాడేమో అనుకున్నాను.

"అవ్వ ఎప్పుడూదింది?" అన్నాడు.

"ఐతారం."

"ఇయ్యాల బేస్తారం. గీ నాలుగు దినాలు ఏం జేసినవ్?"

"రాస్తున్న బాపూ."

"ఎవలకు?" అని, గాలి కోసం ఆగి, మళ్లీ అన్నాడు. "ఎవలకు రాస్తున్నవ్ రా? నేను గోడ అవుతల్నే ఉంటి గదా. దీపం తప్పు చూపెట్టిందని ఎరుకైతే బాయిల ఎవలన్న కూసోని రాస్తరా? అందరికి ఇనపడేటట్టు ఒర్రుకుంట ఉరుకుతరు."

వాదంలో నేను నోరు మూసుకున్నది జీవితంలో ఆ రెండుసార్లే, ఆ పంచాయతీ ఆఫీసు ముందు ఒకసారి, ఆ మంచం పక్కన ఒకసారి. మొదటిసారి నేను ఓడిపోయానన్నది నా భ్రమ. రెండోది మాత్రం నిజమైన ఓటమి.

కాసేపటికి బాపు నా చేయి అందుకొని, గా ఊరోళ్లు గుడ మాత్రలు ఆపే ఉంటరు, పోయి చెప్పు, రాసుకుంట కూసోకు అన్నాడు.

మరుసటి పొద్దున మొదటి బస్సుకు పోయాను. మిత్రుణ్ణి పిలవలేదు, సభ పెట్టలేదు. ముందు మందాయన ఇంటికి పోయి, వాకిట్లో నిలబడి జరిగింది చెప్పాను. ఆయన నులక మంచం చూపించి కూర్చోమని, నీళ్లు ఇచ్చి, బాపుకు ఎట్లుందని అడిగాడు. తరువాత తానే ఆ పన్నెండు మందినీ పిలిపించాడు. ఎనిమిది మందే వచ్చారు. ఏ ఉండా లేకుండా ఒక్కొక్కరి చేత మూడు సార్లు కొట్టించాను. అందరికీ కొట్టడం వచ్చేసింది గనుక మూడు సార్లూ ముల్లు ఇంచుమించు ఒక్క చోటనే ఆగింది, కొందరికి ఆ ఆదివారం రెండోసారి ఆగినదానికంటే కిందనే ఆగింది. ఆ ఆదివారం సభకు రాని ఇద్దరు ఆడవాళ్లు అప్పుడే వాకిట్లోకి వస్తే వాళ్లకు కూడా ఇచ్చి, ఊదమని మాత్రమే అన్నాను. వాళ్లు మొదటిసారి పొయ్యి ఊదినట్టే ఊదారు, కొట్టమంటే రెండోసారి కొట్టారు, ముల్లు లేచింది. ఉండ మింగకుండానే లేచిందని అందరికీ చూపించాను.

ఆ ఎనిమిది మందిలో ఒక ముసలాయన గొంతు చించుకున్నాడు. "పోయిన్నాడు గట్ల జెప్తివి, గిప్పుడు గిట్ల జెప్తివి. నీదాంట్ల ఏది నిజం రా బాబూ?"

ఇప్పుడు చెప్పేది నిజం, ఇది కూడా తప్పని రేపు తెలిస్తే ఆ పూటే వచ్చి చెప్తాను అన్నాను. ఎన్నో వేదికలెక్కిన నేను, నిజాయితీగా మాట్లాడిన మొదటి మాట అదేననుకుంటాను. అందరూ నమ్మారని చెప్పను. నలుగురు నమ్మారు, ఇద్దరు నవ్వారు, ఇద్దరు ఉండల పొట్లం కొంగులో ముడేసుకొని వెళ్లిపోయారు. మందాయన మాత్రం తన మందు తాను ఇస్తాననీ, ఇంగ్లీషు మందు ఆపమని ఇకమీదట ఎవరికీ చెప్పననీ అన్నాడు. మేము ఇరవై సభల్లో చెప్పించలేకపోయిన మాట అది.

బాపు ఆ తరువాత నాలుగేళ్లు బతికాడు. మాత్రలు మళ్లీ వేసుకున్నాడు, చేతులు మళ్లీ వణికాయి, చాయ్ ఇంట్లోనే తాగాడు. హోటలుదాకా నడవడం మళ్లీ ఆయన వల్ల కాలేదు. ఆ పదకొండు రోజులు మాత్రలు ఆపడం వల్లనే అట్లా అయిందా, ముప్పై ఏళ్ల బొగ్గు ధూళి ఎట్లాగూ అక్కడికే తెచ్చేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. నేనూ రుజువు చేయలేను, రుజువు లేనిది అనకూడదని నేర్చుకున్నవాణ్ణి. అనడం లేదు. మరిచిపోవడమూ లేదు. ఆ వ్యాసం సగంలో ఆపిన కాగితాలు చాలా ఏళ్లు పెట్టె అడుగున ఉండి, ఇళ్లు మారడంలో ఎక్కడో పోయాయి. పోయాయని తెలిసీ నేను వెతకలేదు.

ఇదంతా ఆ అమ్మాయి ఇచ్చిన నీళ్లు తాగేలోపు నా కళ్ల ముందు తిరిగింది. గొట్టం మళ్లీ నోట్లో పెట్టుకొని, ఈసారి ఊదలేదు, కొట్టాను. కొవ్వొత్తులు వరుసగా ఆరుతూ పోయి, చివరి నాలుగు మిగిలాయి. మూడోసారీ అవే నాలుగు మిగిలాయి. ఇదివరకే అలవాటుందా తాతా, మస్తు కొట్టిండ్రు అని ఆ పిల్ల మెచ్చుకున్నది. ఉందమ్మా అన్నాను. మీ ఇంట్ల ఊదుగొట్టం ఉన్నదా అని అడిగితే, అంటే ఏంది అన్నది.

కట్టెల పొయ్యిలు పోయినందుకు నాకు బాధ లేదు. ఆ పొగలో అవ్వ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. వేరు ఉండల కోసం మాత్రలు మానే మనుషులూ తగ్గారు, అది మంచిదే, దానికోసమే మేము తిరిగాం. కానీ మా కాలంలో ఊదేది మంటను రాజెయ్యడానికి, అందుకే అందరికీ మెల్లగా ఊదడమే వచ్చేది. ఈ పిల్లలు మొదటి పుట్టినరోజు నుంచీ కొవ్వొత్తులు ఆర్పడానికే ఊదుతారు, వాళ్లకు కొట్టమని వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పుడు మిషను ఇచ్చిన అంకెను జనం కాగితం మీద చూసుకొని మాట్లాడకుండా తీసుకుపోతారు. ఊదుగొట్టమంటివి గద, మరి గట్లనే ఊదిన అని కొలిచేవాడి తప్పును కొలిచేవాడి మొహం మీదే చెప్పే అవ్వలు కనిపించడం లేదు.

డాక్టరు కాగితం చూసి, వయసుకు ఉండవలసినదానికంటే తక్కువే ఉంది, మందు మొదలుపెడదామన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చాను. దారిపొడుగునా ఇది రాయాలనే అనిపించింది, మొదటి వాక్యం కూడా దొరికింది. అయినా బల్ల దగ్గరికి పోలేదు. చెప్పులు విడవకముందే, వంటింట్లో ఉన్న మా ఇంటావిడ దగ్గరికి పోయి, తక్కువున్నదట అని చెప్పాను.